గోదావరి వెంబడి అడవులు

(ప్లాటినం జూబిలీ సభలో పూర్వవిద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



యానాం ఇంకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న రోజులలో తెలుగు అక్షరానికి గూడుగా వెలసిన ఈ పాఠశాల 75 వసంతాలు పూర్తి చేసుకున్న శుభసమయంలో, ఇదే ఆవరణలో నిలబడి మాట్లాడే భాగ్యం నాకు కలిగినందుకు నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. వృక్షశాస్త్ర అధ్యాపకుడిగా జీవితం గడిపినవాణ్ణి కనుక అడవులను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పడానికి ముందు ఈ బడిలోనే నాకెదురైన ఒక ప్రశ్నను జ్ఞాపకం చేసుకుంటాను.

నేను ఏడవ తరగతి చదువుతున్నప్పుడు మా సామాన్యశాస్త్రం మాస్టారు మమ్మల్ని పడవ మీద కోరంగి పాయలోకి తీసుకువెళ్లారు. ఇరువైపులా బురద. బురదలో నుంచి మేకుల వలె పైకి పొడుచుకువచ్చిన వేళ్లు. వాటి వెనుక మడచెట్లు. మాస్టారు పడవ ఆపించి, "ఇది అడవేనా?" అని అడిగారు. మేమందరం ఏకకంఠంతో "కాదండి" అన్నాము. అడవి అంటే పులులుండాలి, ఆకాశాన్నంటే మాకులుండాలి, మునులుండాలి. ఈ బురదలో ఏముంది? మాస్టారు నవ్వి, "పెద్దవాళ్లయ్యాక మీరే చెప్దురుగాని" అన్నారు. ఆ ప్రశ్నకు నా సమాధానమే నేటి ఈ ప్రసంగం.

అడవి అంటే చెట్ల గుంపు కాదు. 1935లో ఆర్థర్ టాన్‌స్లీ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆవరణ వ్యవస్థ అనే భావనకు పేరు పెట్టాడు. ప్రాణులను, అవి బ్రతికే నేలను, నీటిని, గాలిని, ఎండను విడివిడిగా కాక ఒకే వ్యవస్థగా చూడాలని ఆయన వాదం. అడవిలో పచ్చని చెట్టు ఉత్పత్తిదారు. ఎండను, నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకొని ఆహారం తయారుచేస్తుంది. ఆ ఆకును తినే పురుగు, జింక, వాటిని తినే పక్షి, పులి వినియోగదారులు. రాలిన ఆకును, చచ్చిన జంతువును తిరిగి మట్టిగా మార్చే చెద, బూజు, సూక్ష్మజీవులు విచ్ఛిన్నకారులు. ఈ మూడు వర్గాల మధ్య ఇచ్చిపుచ్చుకోలు ఎక్కడా తెగకుండా సాగితేనే అది అడవి.

తోటకూ అడవికీ భేదం ఇక్కడే ఉంది. తోటకు మనం నీరు పెట్టాలి, ఎరువు వేయాలి, చచ్చిన మొక్క స్థానంలో వేరొక మొక్క నాటాలి. అడవికి ఎవరూ నీరు పెట్టరు, ఎరువు వేయరు. తన ఎరువును తానే తయారు చేసుకుంటుంది, తన పిల్లలను తానే పెంచుకుంటుంది. అయితే అన్ని అడవులూ ఒకే తీరున ఈ పని చేయవు. వర్షపాతం, వేడిమి, నేల ఎత్తు, మట్టి స్వభావం మారిన కొద్దీ అడవి రూపం మారుతుంది. మన దేశపు అడవులను ఛాంపియన్ అనే అటవీ అధికారి 1936లో వర్గీకరించాడు. 1968లో ఆయన, సేఠ్ కలిసి దానిని సవరించి 16 ప్రధాన వర్గాలుగా నిర్ణయించారు. ఆ వర్గాలలో 200కు పైగా ఉపరకాలున్నాయి. వాటన్నిటినీ ఏకరువు పెట్టి మిమ్మల్ని విసిగించను. మన గుమ్మం ముందు ప్రవహించే గోదావరికి ఎదురెక్కుతూ వెళదాం. 1,465 కిలోమీటర్ల ఆ ప్రయాణంలో భారతదేశపు ముఖ్యమైన అడవులలో అనేకం మనకు ఎదురవుతాయి. ప్రతిచోటా ఒకే ప్రశ్న వేసుకుందాం: ఈ అడవి నీటితో ఎటువంటి ఒప్పందం చేసుకుంది?

మొదటిది మన ఇంటి ముంగిటి మడ అడవి. ఇక్కడ నీటికి కొదువ లేదు, కాని ఆ నీరు ఉప్పు. నేల ఉంది, కాని ఆ బురదలో వేళ్లకు ఊపిరి ఆడదు. సాధారణమైన చెట్టు ఏదైనా ఇక్కడ నెల తిరక్కుండా చచ్చిపోతుంది. మడచెట్టు తన వేళ్లను బురదలో నుంచి పైకి పంపి గాలి పీలుస్తుంది. మా చిన్నతనంలో మేము మేకులనుకున్నవి ఆ శ్వాసవేళ్లే. పీల్చిన ఉప్పులో కొంత ఆకుల మీదికి చెమట వలె వెళ్లగక్కుతుంది. ఆకును నాకి చూస్తే ఆ ఉప్పు నాలుకకు తెలుస్తుంది. పొన్నజాతి మడచెట్లలో గింజ తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, మూరెడు మొలకయ్యాకనే బురదలోకి దిగుతుంది. పుట్టగానే ఆటుపోట్లను తట్టుకోవాలి గనుక తల్లి దానిని కొంత పెంచి మరీ పంపుతుంది. తిల్లచెట్టు ఇంకొక రకం. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని మన జాలరులు పిల్లలను హెచ్చరిస్తారు.

రాలిన మడ ఆకును బూజు, సూక్ష్మజీవులు పట్టుతాయి. దానిని పీతలు, రొయ్య పిల్లలు తింటాయి. వాటి మీద పండుగప్ప వంటి చేపల పిల్లలు పెరుగుతాయి. వాటి కోసం కొంగలు, నీటికుక్కలు, చేపలు పట్టి తినే నీటిపిల్లి వస్తాయి. చివరకు మన వలలు వస్తాయి. యానాం సంతలో అమ్ముడుపోయే చేపకు, ఆ పాయలో రాలిన ఆకుకు సంబంధం ఉంది. 1978లో ఈ ప్రాంతాన్ని కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

ఇక పైకి వెళదాం. రాజమహేంద్రవరం దాటగానే నది రెండు కొండల నడుమ ఇరుకవుతుంది. అవి పాపికొండలు. వాటి చుట్టూ ఉన్న అడవిలో వేయి చదరపు కిలోమీటర్లకు పైగా 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఇది ప్రధానంగా ఆర్ద్ర ఆకురాల్చు అడవి. వర్షం బాగానే పడుతుంది, కాని నాలుగైదు నెలలే. మిగిలిన కాలంలో నీటిని పొదుపు చేయాలి. అందుకే మద్ది, వేగిస, ఇప్ప వంటి చెట్లు వేసవి రాకకు ముందే ఆకు రాలుస్తాయి. ఆకు ఉంటే నీరు ఆవిరవుతుంది. ఆకు లేకుంటే ఖర్చు లేదు. సంసారి కష్టకాలంలో ఖర్చు తగ్గించుకున్నట్లే ఇది. అదే కొండలలో నీడ, చెమ్మ నిలిచే లోయలలో చెట్లు పూర్తిగా మోడు కావు. వాటిని అర్ధ సతత హరిత అడవులంటారు. మారేడుమిల్లి వైపు ఘాటురోడ్డు మీద వేసవిలో ప్రయాణించినవారు ఒక మలుపులో మోడులను, మరుసటి మలుపులో పచ్చదనాన్ని చూసే ఉంటారు. ఒకే కొండ, కాని నీరు నిలిచే తీరు వేరు. కనుక అడవి వేరు.

భద్రాచలానికి దిగువన శబరి కలుస్తుంది. శబరి ఒడిశాలోని కొరాపుట్ సీమలో పుడుతుంది. ఆ సీమలోను, బస్తరులోను సాలవృక్షాల అడవులున్నాయి. మనవారు దీనినే గుగ్గిలం చెట్టు అంటారు. దీని గింజ సరిగా తొలకరికి ముందు రాలుతుంది. వారం పది రోజులలో తడి తగలకపోతే ఆ గింజ చచ్చిపోతుంది. తొలకరి ఆలస్యమైన ఏడు సాలవనంలో మొలకలు కరువవుతాయి. కాలం తప్పని వానను నమ్ముకొని బ్రతికే అడవి అది.

ఇంకా పైకి వెళితే ప్రాణహిత కలిసేచోట మహారాష్ట్రలో సిరివంచ ఉంది. అక్కడ కూడా మనవలెనే తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఆ ప్రాంతం టేకుకు ప్రసిద్ధి. టేకు స్వభావం సాలవృక్షానికి పూర్తిగా వ్యతిరేకం. దాని గింజకు గట్టి పెంకు ఉంటుంది. కొన్ని మార్లు తడిసి, కొన్ని మార్లు ఎండితే గాని మొలకెత్తదు. ఎండును, నిప్పును కూడా ఓర్చుకుంటుంది. రెండూ గొప్ప కలప చెట్లే, రెండూ గోదావరి నీరు తాగేవే. కాని ఒకదాని నియమం రెండవదానికి మరణశాసనం.

తరువాత నది మరాఠ్వాడా మెట్టలలోకి ప్రవేశిస్తుంది. సహ్యాద్రి కొండలు నైరుతి మేఘాలను అడ్డగించడం వలన ఇక్కడ వాన తక్కువ. తుమ్మ, చండ్ర, రేగు వంటి ముళ్లచెట్ల చిట్టడవులే ఎక్కువ. చిన్న ఆకు, లోతైన వేరు, ఒళ్లంతా ముళ్లు వీటి లక్షణాలు. దీనిని చూసి చాలామంది ఇది బంజరు అంటారు. బంజరు కాదు. తోడేలు, కృష్ణజింక, బట్టమేక పక్షి వంటివి దట్టమైన అడవిలో బ్రతకవు. వాటికి ఇటువంటి ఎండు పొదలు, గడ్డి నేలలే ఇల్లు.

చివరకు త్ర్యంబకం. గోదావరికి పుట్టినిల్లైన సహ్యాద్రి శ్రేణి దక్షిణంగా సాగిన కొద్దీ, ఏటా 2,000 మిల్లీమీటర్లకు మించి వాన పడేచోట్ల సతత హరితారణ్యాలు కనిపిస్తాయి. అక్కడ చెట్లు అంతస్తులుగా నిలుస్తాయి. పై అంతస్తు ఎండను తాగితే క్రింది అంతస్తు మిగిలిన వెలుగుతో సరిపెట్టుకుంటుంది. ఆకు ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా రాలుతుంది గనుక అడవి ఎన్నడూ మోడు కాదు. విచిత్రమేమంటే, ఇంత పచ్చని అడవి క్రింద నేల చాలాచోట్ల సారవంతం కాదు. సారమంతా చెట్లలోనే ఉంటుంది. రాలిన ఆకు కుళ్లీ కుళ్లకముందే వేళ్లు దానిని తిరిగి లాగుకుంటాయి. అటువంటి అడవిని నరికితే భారీ వర్షాలకు మిగిలిన మట్టి కూడా కొట్టుకుపోతుంది.

హిమాలయాల దేవదారు వనాలు, ఎడారి అంచుల అడవులు కూడా ఉన్నాయి. అవి మన నదికి చుట్టాలు కావు గనుక నేడు వాటి జోలికి పోను. మనం చూసిన వాటి నుంచే ఒక సత్యం తేలుతున్నది. ఒక అడవికి అమృతమైనది మరొక అడవికి విషం. కనుక అడవిని పెంచాలనుకునేవాడు ముందుగా అది ఏ అడవో తెలుసుకోవాలి. ఈ సత్యం నాకు పుస్తకంలో దొరకలేదు. నా తప్పు వల్ల దొరికింది. ఆ సంగతి చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

1996 నవంబరు 6 రాత్రి ఇక్కడ ఉన్నవారెవరూ మరచిపోలేరు. ఆ తుపాను వేయిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి. 1839లో కోరంగి రేవును ధ్వంసం చేసిన ఉప్పెన కథ మా తాతలు చెప్పగా వినేవాళ్లం. ఆ రాత్రి అది కథ కాదని తెలిసింది. మరుసటి సంవత్సరం నేను నా విద్యార్థులను కూడగట్టుకొని తీరాన అడవి పెంచుదామని సంకల్పించాను. ఒక ఖాళీ ఉప్పునేలలో రెండు ఆదివారాలు శ్రమించి పొన్న మొలకలు వరుసలుగా నాటాము. పిల్లలు చేతులు కోసుకున్నారు, ఎండకు సొమ్మసిల్లారు. నేను వాళ్లకు అడవి తల్లి అని ఉపన్యాసమిచ్చాను. మూడు నెలల తరువాత వెళ్లి చూస్తే ఒక్కటి కూడా బ్రతికి లేదు. వరుసలు వరుసలుగా ఎండిన కర్రలు మిగిలాయి.

అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ జాలరి నా దిగాలు చూసి దగ్గరకు వచ్చాడు. "మాస్టారండీ, ఇక్కడికి పోటు నీరు ఎక్కదండి. ఎండకి ఉప్పు పేరుకుపోద్దండి. ముందు నీళ్లు రానివ్వండి. మొక్క దానంతటదే వస్తాదండి" అన్నాడు. ఎం.యస్సీ. పట్టా ఉన్న నేను ఆయన ముందు తలవంచుకొని నిలబడ్డాను. ఆయన చెప్పినది అక్షరసత్యం. ఆటుపోట్ల నీరు వచ్చిపోయే దారి మూసుకుపోయినచోట మడ బ్రతకదు. ఆ కాలంలోనే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో చేపముల్లు ఆకారంలో కాలువలు త్రవ్వించి, ఆటుపోటు నీటిని లోపలికి మళ్లించి, పాడైన మడనేలను తిరిగి పచ్చగా చేశారు. వాళ్లు మొక్కతో మొదలుపెట్టలేదు, నీటితో మొదలుపెట్టారు. నేను పిల్లల చేత మొక్కలు నాటించాను గాని, ఆ అడవి నీటితో చేసుకున్న ఒప్పందాన్ని చదవలేదు.

నేను చిన్నపాటి నేలలో చేసిన తప్పును పెద్ద ఎత్తున దేశం చేయకూడదని నా ఆవేదన. అడవి విస్తీర్ణాన్ని ఉపగ్రహం సాయంతో లెక్కించేటప్పుడు, ఒక హెక్టారులో పదవ వంతు చెట్ల నీడ ఉంటే దానిని అటవీ విస్తీర్ణంగానే లెక్కిస్తారు. అది సరుగుడు తోటైనా, నీలగిరి తోటైనా, కొబ్బరితోటైనా ఆ లెక్కకు భేదం లేదు. అంకె పెరిగిందని మనం సంతోషిస్తాం. ఒకచోట సాలవనం పోయి మరొకచోట నీలగిరి తోట వస్తే అంకె సరిపోతుంది. కాని వారం రోజుల ఆయువు గల ఆ సాల గింజకు, ఆ నేలను నమ్ముకున్న పక్షికి, ఆకులు ఏరుకొని విస్తళ్లు కుట్టుకునే గిరిజన స్త్రీకి ఏ అంకె సమాధానం చెబుతుంది?

ఈ అడవులు విడివిడివి కావు. 1852 నాటికి ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆనకట్ట పూర్తికాగా కరవుసీమ అన్నపూర్ణ అయింది. ఆ మేలు మనం తిన్న ప్రతి ముద్దలో ఉంది, దానిని కాదనలేము. అయితే ఎగువన ఆనకట్టలు పెరిగిన కొద్దీ నది తెచ్చే ఒండ్రు తగ్గింది. 1970ల నాటితో పోలిస్తే 1990లలో గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు సగం కంటె తక్కువైందని పరిశోధకులు లెక్క తేల్చారు. ఒండ్రు లేకపోతే తీరం కోసుకుపోతుంది. మంచినీరు తగ్గితే పాయలో ఉప్పు పెరుగుతుంది. ఆషాఢ శ్రావణాలలో ఎర్రనీటికి ఎదురీదే పులసకు తెలుసు, నదికి రెండు కొసలున్నా ప్రాణం ఒక్కటేనని. మనమే మరచిపోతున్నాము.

చట్టాలు లేకపోలేదు. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ఒకటి తీరాన రొయ్యల చెరువుల విచ్చలవిడి త్రవ్వకాన్ని అడ్డుకున్నది. రెండవది, అడవి అన్న పదానికి నిఘంటువులోని అర్థాన్నే గ్రహించాలని, రికార్డులో ఎవరి పేర ఉన్నదన్న దానితో నిమిత్తం లేదని చెప్పింది. 1999 అక్టోబరులో ఒరిస్సాను ముంచిన పెను తుపాను తరువాత కేంద్రపడా ప్రాంతంలో జరిగిన పరిశోధన, ఊరికీ సముద్రానికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తగ్గాయని తేల్చింది. మడ అడవి తుపానును ఆపదు. అలల ఉరవడిని కొంత తాను భరిస్తుంది. ఆ కొంతలోనే కొన్ని ప్రాణాలుంటాయి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. సెలవులలో పిల్లలను దూరదేశాలు తిప్పకముందు ఒక్కసారి పడవ మీద ఆ పాయలోకి తీసుకువెళ్లండి. ఉపాధ్యాయులను కోరేది, వనమహోత్సవంనాడు మొక్క నాటించే ముందు, ఈ నేలలో పూర్వం ఏమి పెరిగేదో ఊరి పెద్దలను అడిగి రమ్మని పిల్లలను పంపండి. పూర్వవిద్యార్థులమైన మనం ఒక పని చేయవచ్చు. మన జాలరులకు, పడవవాళ్లకు, కొండ మీది గిరిజనులకు తెలిసిన చెట్ల పేర్లు, చేపల పేర్లు, పోటు పాటు లెక్కలు ఏ గ్రంథంలోనూ పూర్తిగా లేవు. అవి వారి నోట ఉన్నాయి, అవి తెలుగులో ఉన్నాయి. ఆ తరం వెళ్లిపోకముందే వాటిని వ్రాసి ఈ పాఠశాల గ్రంథాలయంలో భద్రపరిస్తే, తెలుగు మాధ్యమంలో చదువుకున్నందుకు మనం తీర్చుకోగల ఋణం అంతకు మించి మరొకటి ఉండదు. నా పొన్న మొలకలు చచ్చిపోయింది నాకు శాస్త్రం తెలియక కాదు. ఆ వృద్ధుడి మాట ముందుగా అడగక.

చిరంజీవులారా, మా మాస్టారు నేడు లేరు. ఉంటే ఆయన పాదాలకు నమస్కరించి ఈ మాట చెప్పేవాణ్ణి: "మాస్టారూ, అది అడవేనండి. పులి లేకపోయినా, మాకులు లేకపోయినా అది అడవే. మేము ఆనాడు దానిని చూశాము గాని గుర్తించలేదు." అదే ప్రశ్నను నేడు మీకు అప్పగిస్తున్నాను. శతజయంతి నాడు ఈ వేదిక మీద నిలబడే మీలో ఒకరు, అది అడవేనని, ఇంకా ఉన్నదని చెప్పగలగాలని భగవంతుని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.